పచ్చి కంకుల కుచ్చు

మా పెదనాన్న వరికంకులతో కుచ్చులు అల్లుతాడు. కాడలతో సహా కోసిన కంకులను వరసగా జడలా అల్లుకుంటూ పోతే పైన చాపలాంటి అల్లిక తేలుతుంది, కింద గింజలు గుత్తిగా వేలాడతాయి. దాన్ని వసారా దూలానికి కడతాడు. అది పిచ్చుకలకు. పంట ఇంటికి రాకముందే వాటి వాటా వాటికి అందాలని ఆయన నియమం. గోదావరి జిల్లాల్లో ఈ అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది కానీ మా ఊళ్ళో అల్లడం వచ్చినవాడు ఆయన ఒక్కడే మిగిలాడు.

నేను మెకానికల్ డిప్లొమా చదివాను. ధవళేశ్వరంలో కాలువ గేట్ల పని చూసే చోట కాంట్రాక్టు ఉద్యోగం. రోజూ నీటిమట్టం, మోటారు నడిచిన గంటలు, గ్రీజు పెట్టిన తేదీ రాయాలి. ఆఫీసుకు దగ్గరని పెదనాన్న ఇంట్లోనే ఉంటున్నాను. ఆఫీసులో పట్టుకున్న రాసే జబ్బు ఇంటికీ వచ్చింది. ఆయన రెండెకరాల చేనుకు ఒక నోటుబుక్కు, వసారాలో పిచ్చుకలకు ఇంకొకటి పెట్టాను. పోయిన వేసవి మొదట్లో వసారాకు వచ్చే పిచ్చుకలు ఇరవై మూడు. ఉదయం ఏడుకూ, సాయంత్రం ఐదున్నరకూ లెక్కపెట్టేవాణ్ణి.

ఆ వేసవిలోనే పాత స్విచ్చుబోర్డు డబ్బాలో ఒక జంట గూడు పెట్టింది. నాలుగు పిల్లలు. వారం తిరక్కుండా నాలుగూ చచ్చిపోయాయి. ఎందుకో నాకు అర్థం కాలేదు. తల్లీ తండ్రీ నిమిషం ఆగకుండా మేత తెస్తూనే ఉన్నాయి. పిల్లలు చావకముందు ఒక ఆదివారం గడియారం పెట్టుకుని కూర్చున్నాను. ఇరవై సార్లు వచ్చాయి. పదిహేడుసార్లు ముక్కులో ఉన్నది పెద్దమ్మ గిన్నెలు తోమే చోట పడ్డ అన్నం మెతుకు. మూడుసార్లే పురుగు. పెద్ద పిచ్చుక గింజ తిని బతుకుతుంది. ఈకలు రాని పిల్లకు పురుగు కావాలి, మెత్తటి పచ్చపురుగు. అది చేలో ఉండాలి. చేలో లేదు. దాళ్వా పంటకు, అంటే రెండో కారు వరికి, అప్పటికి మూడుసార్లు మందు కొట్టారు.

ఈ మాట పెదనాన్నతో అంటే, "పురుగుంటే పంటుండదు. పంట లేకపోతే నీకు అన్నం ఉండదు. అన్నం లేకపోతే నువ్వు పిచ్చుకల్ని లెక్కెట్టవు" అన్నాడు. అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

నేను ఊరుకుంటానా? పిచ్చుకలకు తిండి ఎక్కడెక్కడ తగ్గిందో జాబితా వేశాను. కళ్ళాలు పోయాయి, కోతమిషను చేలో దిగితే ధాన్యం గట్టు మీద ట్రాక్టరులోకి, అటు నుంచి అటే మిల్లుకు పోతుంది, ఇంటి ముందు నూర్పూ లేదు, రాలిన గింజా లేదు. కిరాణా కొట్లలో గోనెసంచుల బదులు కుట్టేసిన ప్లాస్టిక్ సంచులు వచ్చాయి. పెరళ్ళలో సిమెంటు వచ్చింది. నాలుగోది మందులు. వాటి గురించి నేను రాసుకున్నది ఒకే ఒక్క ముక్క: "మందుల వల్ల పురుగులు లేవు." అంటే మందు తిండిని తగ్గిస్తుందని మాత్రమే నాకు తోచింది. తిండిలోకే రావచ్చని తోచలేదు. నా చదువు ఇంత.

జాబితా అయ్యాక పరిష్కారం నాకు చాలా తేలిగ్గా కనిపించింది. తిండి తక్కువైంది కాబట్టి తిండి పెంచాలి. పెదనాన్న ఏటా రెండు కుచ్చులు అల్లుతాడు. ఈ సార్వాకు, వానాకాలం పంటకు, ఇరవై నాలుగు అల్లించి వీధి వీధంతా కట్టిస్తే సరి.

"ఇరవై నాలుగా? రెండు అల్లేసరికే వేళ్ళు పట్టేస్తున్నాయిరా."

"నేను కోసి తెస్తాను. నాకు నేర్పు, నేనూ అల్లుతాను."

"నువ్వు అల్లితే దాని మీద పిచ్చుక వాలదు, నవ్వుకుని పోద్ది" అన్నాడు. కానీ ఆయనకు సంతోషమైంది. ఆ కళ నేర్పమని అడిగినవాడు పదేళ్ళలో లేడు.

కుచ్చుకు కంకి ఎప్పుడు కోయాలో ఆయన నాకు చేలో నిలబెట్టి చూపించాడు. గింజలో పాలు గట్టిపడి ఉండాలి, కాడలో మాత్రం పచ్చితనం పోకూడదు. అప్పుడే కాడ వేళ్ళ కింద వంగుతుంది. చేను పూర్తిగా పండాక కోస్తే కాడ పుటుక్కున విరుగుతుంది, అల్లుతుంటేనే సగం గింజ రాలిపోతుంది. అందుకని కుచ్చు కంకులు చేను కోతకు మూడు వారాల ముందే కోస్తారు. ఆయన తండ్రీ అలాగే కోశాడు. ఆ ముసలాయన రోజుల్లో చేనుకు ఏ మందూ లేదు గనక పిచ్చుకలకు అది ఎప్పుడు కోసినా ఒకటే.

ఈసారి సరిగ్గా ఆ సమయానికే సుడిదోమ దిగింది. దుబ్బుల మొదళ్ళలో గుంపుగా చేరి రసం పీల్చి, చేను చేనంతా కాలినట్టు ఎండబెట్టేసే దోమ. పక్క చేలో రెండుచోట్ల గుండ్రంగా ఎండింది. పెదనాన్న పరుగున మందుల కొట్టుకు వెళ్ళాడు, వెంట నేనూ వెళ్ళాను. కొట్టాయన గల్లాపెట్టె మీంచి లేవకుండానే రెండు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదీ, ఇదీ కలిపి కొట్టించండి. దోమ అన్నది కనపడదు. ఆయ్, డ్రోన్ మనోడే, ఫోన్ చేస్తాను."

"గింజ గట్టిపడిందండి. ఇప్పుడు కొట్టొచ్చాండీ?" అన్నాను.

"కొట్టకపోతే గింజే ఉండదు కదండీ, ఇంజనీరు గారూ."

మంగళవారం ఉదయం డ్రోన్ వచ్చి ఇరవై నిమిషాల్లో కొట్టేసి పోయింది. చేను నోటుబుక్కులో రాశాను: మంగళవారం, దోమకు రెండు మందులు, రెండెకరాలు. శనివారం నేనే కొడవలి పట్టి పడమటి గట్టు పక్కన కంకులు కోసుకొచ్చాను. అది పిచ్చుకల నోటుబుక్కులో రాశాను: శనివారం, కుచ్చులకు కోత, ఆరు మోపులు. రెండు నోటుబుక్కులూ ఒకే బల్ల మీద, ఒకదాని మీద ఒకటి ఉండేవి.

శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం దాకా వసారాలో కూర్చుని అల్లాం. నావి ఆరు, ఆయనవి పద్దెనిమిది. నావి చూసి పెద్దమ్మ, "ఇవి కుచ్చులేంట్రా, చీపుళ్ళలా ఉన్నాయి" అంది. వీధిలో ఇల్లిల్లూ తిరిగి నేనే కట్టి వచ్చాను. సోమవారం ఉదయం వసారాలో లెక్క ముప్పై ఒకటి. అంతకుముందు ఎప్పుడూ అంత రాలేదు. ఆ అంకె చుట్టూ గీత గీశాను.

మంగళవారం ఆఫీసుకు బయల్దేరుతుంటే మెట్టు పక్కన గచ్చు మీద ఒక మగ పిచ్చుక కూర్చుని ఉంది. గొంతు కింద నల్లమచ్చ ఉన్నది. నేను దగ్గరికెళ్ళినా ఎగరలేదు. రెక్కలు కిందికి జారి సన్నగా వణుకుతున్నాయి. తల నిలవడంలేదు.

"పిల్లి కొట్టిందేమోరా" అంటూ పెద్దమ్మ చెంచాతో నీళ్ళు తెచ్చింది. ఒంటి మీద గాయం లేదు. నోటి పక్కన తడి. నీళ్ళు మింగలేదు. నా అరచేతిలోనే కాళ్ళు ముడుచుకున్నాయి.

సాయంత్రానికి మా వసారాలో మూడు. బుధవారం వీధి మొత్తం మీద ఏడు. గురువారం నాలుగు. అవి నేను చూసినవి. చూరు మీదా, డాబాల మీదా, కాలువ గట్టునా పడ్డవి ఎవరు లెక్కపెడతారు?

బుధవారమే ఎదురింటావిడ కుచ్చు తెచ్చి మా అరుగు మీద పెట్టేసింది. "మీది మీరే ఉంచుకోండి బాబూ. పొద్దున్నే గుమ్మంలో చావేంటండీ, శుభమా అంటూ మీరు కట్టి వెళ్ళారు!"

ఆఫీసు బయట నిలబడి ఫోన్లు చేశాను. చచ్చిన పిట్టల్ని ఎవరైనా పరీక్ష చేస్తారేమోనని. పశువుల ఆసుపత్రిలో ఒకాయన కోళ్ళా అని అడిగి, కావంటే మాది కాదన్నాడు. వ్యవసాయం వాళ్ళు పంటకేమైనా అయితే చెప్పండన్నారు. అటవీశాఖ నంబరని ఎవరో ఇచ్చినది పట్టుకుంటే, ఊళ్ళో పిచ్చుకలంటున్నారు కదా, అవి అడవిలోవి కాదు కదండీ అన్నారు. ముగ్గురూ చాలా మర్యాదగానే మాట్లాడారు. ప్రతివాళ్ళూ ఇంకొకరి నంబరు ఇచ్చారు. మూడో నంబరు నన్ను మళ్ళీ మొదటాయన దగ్గరికే తీసుకుపోయింది. ఆయన గొంతు గుర్తుపట్టి, "పిచ్చుకల అబ్బాయా?" అన్నాడు.

ఆ పూట ఇంటికొచ్చి రెండు నోటుబుక్కులూ పక్కపక్కన తెరిచాను. మంగళవారం. శనివారం. మధ్యలో నాలుగు రోజులు. మందు ఖాళీ డబ్బా పశువుల పాకలో చూరుకు గుచ్చి ఉంటే తెచ్చి, చీమతలకాయంత అక్షరాలను ఫోన్లో ఫొటో తీసి పెద్దవి చేసుకుని చదివాను. కొట్టాక మూడు వారాలు ఆగి కోయాలని ఉంది. చేనుకు మూడు వారాలు ఆగుతున్నాం, పిచ్చుకకు ఆగలేదు. కాడ వంగాలని.

పెదనాన్నకు చదివి వినిపించాను. ఆయన ఒప్పుకోలేదు.

"ఆ చేలో గింజేగా మనమూ తినేది. మనం చచ్చామేంట్రా?"

"మన గింజ ఇంకా చేలోనే ఉంది పెదనాన్నా. మూడు వారాలు ఎండాలి, మంచులో తడవాలి, మిల్లుకెళ్ళాలి. పొట్టు పోద్ది, తవుడు పోద్ది, మూడుసార్లు కడిగితే గానీ పెద్దమ్మ ఎసట్లో పొయ్యదు. పిచ్చుక నాలుగో రోజున కోసిన గింజ పొట్టుని నోటితోనే ఒలుచుకుంది. అదెంత ఉంటది? నా బొటనవేలంత."

"ఏటా ఇలాగే కదరా కడుతున్నాను!"

"ఏటా రెండే. ఏటా ఈ సమయానికి మందు పడిందో లేదో ఎక్కడా రాయలేదు. ఈసారి ఇరవై నాలుగు కట్టాం. కట్టించింది నేను."

ఆయన లేచాడు. స్టూలు వేసుకుని వసారాలో కుచ్చు తానే విప్పాడు. ముడి కోయలేదు. ఓపిగ్గా విప్పి, తాడు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. పరీక్ష జరగలేదు కాబట్టి మందు వల్లే అని నేను ఇప్పటికీ రుజువు చెయ్యలేను. కొట్టాయనా అదే అన్నాడు: "రుజువేంటండీ? పిట్టలన్నాక చస్తాయి."

మిగతావి దించడం కట్టడం కంటే కష్టమైంది. పద్నాలుగు ఇళ్ళవాళ్ళు వెంటనే ఇచ్చేశారు. కొందరు ఇంకా గింజలున్నాయి కదా అన్నారు. ఒకాయన గేదెకు వేసెయ్యబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. వీధి చివరి డాబా ఇంటివాళ్ళు మాత్రం ఇవ్వం అన్నారు. వాళ్ళమ్మాయి నిశ్చితార్థం.

"ఫొటోల్లో ఎంత బాగుంటుందో చూడండి. నాలుగు రోజులు ఆగండి."

"పిట్టలు చస్తున్నాయండి."

"మా వైపు రానివ్వంలెండి."

పిచ్చుకను ఎలా రానివ్వరో నాకు తెలియదు. చివరికి పాత దోమతెర ముక్క తీసుకెళ్ళి ఆ కుచ్చు చుట్టూ సూదీదారంతో కుట్టి వచ్చాను. ఫొటోల్లో అది కూడా పడే ఉంటుంది. మిగిలిన ఇరవై మూడూ పెరట్లో గొయ్యి తీసి పాతేశాం. మా ఇద్దరి రెండు రోజుల పని పాతడానికి అరగంట పట్టింది.

వారం తర్వాత వసారాలో లెక్క తొమ్మిది.

పెదనాన్న ఇక అల్లనన్నాడు. కోపంగా అని ఉంటే వాదించేవాణ్ణి. మామూలుగా, చేతి గడియారం ఇక రిపేరుకు రాదన్నట్టు అన్నాడు. పొద్దున్న కాఫీ గ్లాసుతో వసారాలో కూర్చుని ఖాళీ దూలం వైపు చూసేవాడు. "ఎన్ని?" అని అడిగేవాడు. తొమ్మిది అనేవాణ్ణి. ఒకరోజు ఎనిమిదన్నాను. గ్లాసు పక్కన పెట్టి, చూరు చుట్టూ తిరిగి, పెరట్లో అరటి చెట్టు మీద తొమ్మిదోదాన్ని చూపించాకే తాగాడు.

దాళ్వా చేను పండేసరికి నేను మళ్ళీ కదిపాను. దాళ్వాలో ఆఖరి మందు కొట్టి నెల దాటింది. ఈసారి మందూ కోతా రెండూ ఒకే పేజీలో రాశాను. కోత ఉదయం, మిషను దిగేముందు కోద్దామన్నాను.

"ఎండుకాడ వంగదురా. ఎన్నిసార్లు చెప్పాలి?"

వంగేలా చేస్తానన్నాను. కోతకు రెండు రోజుల ముందే ఒక మోపు తెచ్చి ప్రయోగాలు మొదలుపెట్టాను. చన్నీళ్ళలో గంట: విరిగింది. రెండు గంటలు: విరిగింది. వేణ్ణీళ్ళు: వంగింది, తొక్క ఊడింది. ఒక పూటంతా నానబెడితే గింజ ఉబ్బి వాసన వచ్చింది. బక్కెట్ల మధ్య కూర్చున్న నన్ను పెద్దమ్మ చాలాసేపు చూసింది.

"కంకి ఎందుకురా ముంచడం? అల్లేది కాడనే కదా. మా పుట్టింట్లో చాపల గడ్డికి తడిగోనె చుట్టి పెట్టేవారు. కంకులు బయటికి ఉంచి, కాడలకి చుట్టు."

ఆ మాట రెండు రోజుల ముందు ఎందుకు చెప్పలేదంటే, అడిగితే చెప్పేదాన్నంది.

తడిగోనెలో ఒక పూట ఉన్న కాడ వంగింది. పచ్చికాడలా కాదు, బతిమాలితే వంగింది. పెదనాన్న చాలాసేపు దూరంగా కూర్చుని నా చేతులు చూశాడు. నేను మూడో వరసలో పట్టు తప్పగానే, "ఇటివ్వు, దాన్ని చంపకు" అని లాక్కున్నాడు. ఒకటే అల్లాడు. రోజంతా పట్టింది. అల్లిక అక్కడక్కడా విరిగి ముళ్ళలా లేచింది, గింజల్లో మూడో వంతు చాప మీదే రాలింది. అంత వికారమైన కుచ్చు ఆయన జన్మలో అల్లి ఉండడు. వీధి వైపు కట్టనంటే కట్టనన్నాడు. పెరట్లో చూరుకు కట్టాడు. రాలిన గింజలు పెద్దమ్మ ఊడ్వబోతే, "ఉండనీ" అన్నాడు.

మూడు రోజులు ఒక్కటీ రాలేదు. నాలుగో రోజు రెండు వచ్చి కుచ్చును వదిలేసి కింద రాలిన వాటిని తిన్నాయి. పెదనాన్న మధ్యాహ్నం దాకా చేనుకు పోకుండా పెరట్లోనే పనులు వెతుక్కున్నాడు. ఆ రెండూ సాయంత్రం మళ్ళీ వచ్చాయి. మర్నాడు ఐదు. వారానికి తొమ్మిదీ.

దీంతో అంతా బాగైందని నేను రాయలేను. కుచ్చు పెద్దవాటికి. స్విచ్చుబోర్డు డబ్బాలో మళ్ళీ గూడు పడింది, ఈసారి మూడు పిల్లలు, వాటికి పురుగు కావాలి. చుట్టూ ఉన్న చేలకు ఎవరు ఎప్పుడు ఏ మందు కొడతారో నా నోటుబుక్కులో లేదు, నేను చెప్తే ఆగేవాళ్ళూ లేరు. గూటి ఎదురుగా గడియారం పెట్టుకుని కూర్చోవాలంటే నాకు భయం వేసింది.

ఆ వారమే పెద్దమ్మ పెరటి బెండమొక్కలకు చల్లడానికి పురుగుమందు పొడి డబ్బా తీసింది. ఆకుల నిండా పచ్చపురుగు.

"అది లోపల పెట్టు" అన్నాడు పెదనాన్న.

"కాయంతా తినేస్తున్నాయండీ! కూరకేం వండను?"

"వంకాయ వండు."

"వంకాయకీ పట్టింది."

"అయితే పప్పు వండు."

పెద్దమ్మ డబ్బా నా ముందు ఠపీమని పెట్టింది. "నువ్వే కదా వీటన్నిటికీ మొదలు. రాసుకో, ఇవాళ కోసినవి ఇరవై రెండు, పనికొచ్చినవి ఎనిమిది." పుచ్చిన కాయలు చీల్చి, విసుక్కుంటూ, స్విచ్చుబోర్డు కింద పిట్టగోడ మీద వరసగా పెట్టి వెళ్ళింది. నేను గడియారం తెచ్చుకుని కూర్చున్నాను. ఇరవై సార్లు వచ్చాయి. పదకొండుసార్లు పురుగు.